చిన్న కళాశాల, పెద్ద పాఠం: ఒక శిక్షక పరంపర కథ

క్రీడల చరిత్రలో క్రీడాకారుల పేర్లు నిలుస్తాయి, వారిని తీర్చిదిద్దిన శిక్షకుల పేర్లు తరచు మరుగున పడతాయి. అందులోనూ చిన్న కళాశాలల శిక్షకుల సంగతి చెప్పనక్కరలేదు. పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రధాన శిక్షకునికి తోడు పలువురు సహాయకులు ఉంటారు. చిన్న కళాశాలలో ఆ పనులన్నీ ఒకరిద్దరి మీదనే పడతాయి. తరగతిలో పాఠం చెప్పేదీ, సాయంకాలం జట్టును ఆడించేదీ, పొరుగూరి పోటీకి పిల్లలను తీసుకొని వెళ్లేదీ వారే. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటను మలచిన శిక్షకులలో అట్టివారు ముఖ్యులు. గురువు నుండి శిష్యునికి, అతని నుండి ప్రశిష్యునికి సంక్రమించిన ఆ విద్య చరిత్ర నేటి విద్యాలోకానికి కూడా తెలియదగినది.

ఆ పరంపరకు ఆద్యుడు జేమ్స్ నేస్మిత్. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాల ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన ఈ ఆటను కల్పించారు. చలికాలంలో ఆరుబయట ఆడలేని విద్యార్థుల కోసం వ్యాయామశాలలో రెండు పండ్ల బుట్టలను ఎత్తుగా కట్టించి, 13 నియమాలు వ్రాశారు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే విద్య నేర్చిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. దక్షిణదేశపు పాఠశాలలలో పని చేసిన వ్యాయామోపాధ్యాయులలో ఎందరో అక్కడ తయారైనవారే. ఆ విధంగా ఈ కథకూ మన ప్రాంతపు ఆటస్థలాలకూ దూరపు చుట్టరికం ఉంది.

నేస్మిత్ 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడి జట్టుకు తొలి శిక్షకుడైనారు. 1907 వరకు ఆయన ఆడించిన ఆటలలో గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన శిక్షకులలో గెలుపుల కంటె ఓటములు ఎక్కువైనది ఆటను కనిపెట్టిన ఆయనకే! దానికి ఆయన చింతించినవారు కారు. ఆట దేహానికీ శీలానికీ పుష్టినివ్వాలన్నదే ఆయన లక్ష్యం.

1933లో ఆయన వద్దకు జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి విద్యార్థి వచ్చాడు. కాన్సాస్ రాష్ట్రంలోని హయవాథాలో 1915లో పుట్టిన ఆ యువకునికి బాస్కెట్‌బాల్ శిక్షకుడు కావాలని కోరిక. కాని విశ్వవిద్యాలయ జట్టులో నల్లజాతివారికి ఆనాడు చోటు లేదు. ఆటను కనిపెట్టిన గురువు ఎదుట కూర్చుని ఆ విద్య నేర్వవచ్చును గాని, జట్టు దుస్తులు తొడిగి ఆడరాదు. నేస్మిత్ అతనిని ఆదరించి, మార్గదర్శియై నడిపించారు. 1936లో మెక్‌లెండన్ అక్కడ వ్యాయామ విద్యలో పట్టభద్రుడైనాడు. ఆడనివ్వని చోటనే ఆడించే విద్య సంపాదించుకున్నాడు.

1937లో ఆయన నార్త్ కరోలినా రాష్ట్రం డర్హమ్ పట్టణంలోని నల్లజాతివారి కళాశాలలో సహాయ శిక్షకుడుగా చేరి, 1940లో ప్రధాన శిక్షకుడైనారు. అప్పటి ఆట చాలావరకు నెమ్మదిగా సాగేది. ప్రత్యర్థి బుట్ట వద్దకు నిదానంగా చేరి, అవకాశం కోసం వేచి చూసేవారు. మెక్‌లెండన్ దానిని మార్చారు. బంతి చేతికి చిక్కగానే మెరుపు వేగంతో ముందుకు దూసుకొని పోవడం, బంతి పోతే ఆవరణ పొడవునా ఎదిరిని నిలువరించడం తన జట్టుకు నేర్పారు. అందుకు దేహదారుఢ్యం ప్రధానం గనుక వ్యాయామంలో ఏమాత్రం సడలింపు ఉండేది కాదు.

అదే పట్టణంలో డ్యూక్ విశ్వవిద్యాలయం ఉంది. యుద్ధకాలంలో అక్కడి వైద్యవిద్యార్థులు ఒక బలమైన జట్టుగా ఏర్పడ్డారు. వారందరూ శ్వేతజాతీయులు. రెండు జాతులవారు కలిసి ఆడడానికి ఆనాటి కట్టుబాట్లు ఒప్పవు. బయటపడితే శిక్షకుని ఉద్యోగం మాత్రమే కాదు, పిల్లల ప్రాణాలకే ముప్పు. ఆ ఏడు జులైలో అదే పట్టణంలో, బస్సులో వెనుక సీటుకు జరగడంలో జాగు చేశాడని ఒక నల్లజాతి సైనికుని డ్రైవరు కాల్చి చంపగా, న్యాయస్థానం ఆ డ్రైవరును నిర్దోషిగా విడిచిపెట్టింది. అట్టి కాలమది.

అయినా 1944 మార్చి 12, ఆదివారం ఉదయం, ఊరిలో అధికులు ప్రార్థనాలయాలలో ఉన్న వేళ, డ్యూక్ జట్టు చుట్టుదారిన కారులలో వచ్చింది. వ్యాయామశాల తలుపులకు తాళాలు పడ్డాయి. ప్రేక్షకులను రానివ్వలేదు. మెక్‌లెండన్ జట్టు 88–44తో గెలిచింది. అంతకంటె గొప్ప సంగతి తరువాత జరిగింది. రెండు జట్లవారూ ఆటగాళ్లను కలిపి పంచుకొని మరొక ఆట ఆడారు. ఆ రహస్యం అర్ధశతాబ్దికి పైగా మరుగున ఉండి, 1996లో చరిత్రకారుడు స్కాట్ ఎల్స్‌వర్త్ వ్యాసంతో లోకానికి వెల్లడైనది.

మెక్‌లెండన్ వద్ద డర్హమ్‌లో ఆడినవారిలో హెరాల్డ్ హంటర్ ఒకరు. 1950లో వాషింగ్టన్ వృత్తి జట్టుతో ఒప్పందంపై సంతకం చేసి, ఎన్.బి.ఎ.లో ఆ అవకాశం పొందిన తొలి నల్లజాతీయులలో ఒకరైనారు. ఆయనకు ఆ జట్టులో ఆడే యోగం కలుగలేదు గాని, బోధించే యోగం కలిగింది. 1954లో మెక్‌లెండన్ టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరపు నల్లజాతి కళాశాలకు వెళ్లగా, అక్కడ హంటర్ ఆయనకు సహాయ శిక్షకుడైనారు.

చిన్న కళాశాలల జాతీయ సంఘం కాన్సాస్ సిటీలో జరిపే పోటీకి ఆ కళాశాలకు ఆహ్వానం వచ్చినపుడు మెక్‌లెండన్ ఒక నియమం పెట్టారు. తక్కిన జట్లు దిగే హోటళ్లలోనే తన పిల్లలకూ బస ఉండాలి, వారు తినే చోటనే భోజనం ఉండాలి. లేనిచో రాము అన్నారు. నిర్వాహకులు అంగీకరించారు. 1957, 1958, 1959 సంవత్సరాలలో ఆ జట్టు వరుసగా మూడు మార్లు జాతీయ విజేత అయినది. ఆ జట్టులోని డిక్ బార్నెట్ తరువాత వృత్తి క్రీడలో ప్రసిద్ధికెక్కి, డాక్టరేటు కూడా సాధించారు. 1959లో గురువు విడిచిన పీఠాన్ని హంటర్ అధిష్ఠించి 1968 వరకు నిర్వహించారు.

మెక్‌లెండన్ 1966లో క్లీవ్‌లాండ్ స్టేట్‌లో చేరి, శ్వేతజాతీయులు అధికంగా గల విశ్వవిద్యాలయానికి ప్రధాన శిక్షకుడైన మొదటి నల్లజాతీయుడైనారు. 1999లో కీర్తిశేషులైనారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నేస్మిత్ పేరిట వెలసిన కీర్తిమందిరం ఆయనను 1979లో ఆటకు సేవ చేసినవారి కోవలో మాత్రమే చేర్చుకుంది. శిక్షకుడుగా ఆయనకు స్థానమిచ్చినది 2016లో. నాష్‌విల్ జట్టుకు ఆ గౌరవం 2019లో దక్కింది. గురువు పేరు గల మందిరంలో శిష్యుని విద్యకు పూర్తి గుర్తింపు ఆయన జీవితకాలంలో రాలేదు.

ఈ ముగ్గురిలో నేస్మిత్ ఓటముల లెక్కతో మిగిలారు, మెక్‌లెండన్‌కు విద్యార్థి దశలో ఆడే హక్కే లేదు, హంటర్‌కు వృత్తి జట్టులో చోటు నిలువలేదు. ఫలితాల పట్టికతో తూచితే ముగ్గురూ ఏదో ఒక దశలో తక్కువ తూగినవారే. అయినా ఒకరు అందించిన విద్యను మరొకరు పెంచి, తరువాతివారి చేతిలో పెట్టారు. విద్యాలయాలు తమ చరిత్ర వ్రాసుకొనే వేళ, విజేతల చిత్రపటాల ప్రక్కన, సాయంకాలాలు మైదానంలో నిలబడి పిల్లలను ఆడించిన ఉపాధ్యాయుల పేర్లు కూడా చేర్చడం న్యాయం. అట్టి వారి శ్రమ విలువ వారి శిష్యుల జీవితాలలోనే స్పష్టంగా కనిపిస్తుంది.