గుండ్లకమ్మ పరీవాహకంలో శిల్పి స్థానం: ఫ్లోరెన్స్ పునరుజ్జీవనంతో ఒక పోలిక

మైకెలాంజెలో రోమ్‌లో సిస్టైన్ ప్రార్థనాలయం పైకప్పు చిత్రాలను ముగించింది 1512లో. అప్పటికి శ్రీకృష్ణదేవరాయలు విజయనగర సింహాసనం ఎక్కి మూడేళ్లయింది. గుండ్లకమ్మ పరీవాహకంలోని మార్కాపురం లక్ష్మీచెన్నకేశవాలయ మండపాలు విజయనగర నిర్మాణాలే. మైకెలాంజెలో బతికుండగానే, 1550లో వసారీ రాసిన కళాకారుల జీవితచరిత్రల్లో ఆయన కథ అచ్చయింది. మన స్థలచరిత్రల్లో మాత్రం సాధారణంగా రాజు పేరు, దాత పేరు ఉంటాయి. ఉలి పట్టినవాడి పేరు ఉండదు. అక్కడి శిల్పి పేరు కోరుకున్నాడు, ఇక్కడి శిల్పి వినయంతో వదులుకున్నాడు అనే వ్యాఖ్య తరచూ వింటాం. ఈ వ్యాఖ్యకు ఆధారం లేదని నా వాదన. శిల్పికి పేరు ఉందా లేదా అన్నది అతని మనస్తత్వాన్ని బట్టి తేలలేదు. పనికి ప్రతిఫలం ఎవరిచ్చారు, ఏ రూపంలో ఇచ్చారు అన్నదాన్ని బట్టి తేలింది.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువును నింపి, మార్కాపురం వైపు సాగుతుంది. ఆ నది ఒడ్డునే దొనకొండ మండలంలో చందవరం బౌద్ధస్తూపం ఉంది. దీన్ని 1964లో వేలూరి వెంకటకృష్ణశాస్త్రి గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి. ఇక్కడి సున్నపురాతి ఫలకాలను చెక్కినవారి సామాజిక స్థితి తెలుసుకోవాలంటే అదే కాలపు శాసనాలను పక్కన పెట్టుకుని చదవాలి. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఆయక స్తంభ (స్తూపం ద్వారాల ఎదుట నిలిపే స్తంభాల) శాసనాలు ఇందుకు అపురూపమైన సాక్ష్యం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలిపించినవాడు సిద్ధార్థుడు. అతను ఆవేశని, అంటే పనివారి పెద్ద. తండ్రి నాకచందుడూ ఆవేశనే. ఊరు కమ్మకరట్ఠంలోని నడతూరు. ఈ కమ్మకరట్ఠం, అంటే కమ్మరాష్ట్రం, గుండ్లకమ్మ ప్రాంతాన్ని కలుపుకున్నదని చరిత్రకారుల అభిప్రాయం. సిద్ధార్థుడు తల్లి నాగిలని, భార్య సముదని, కొడుకు మూలసిరి, తమ్ముడు బుధినాకుడు ఇలా ఇంటిల్లిపాదినీ పుణ్యంలో భాగస్వాములను చేశాడు. దాచిపెట్టుకునే వినయం ఇందులో ఎక్కడుంది? అయితే ఒక్క మెలిక గమనించాలి. శాసనం అతన్ని చెక్కినవాడిగా కాక ఇచ్చినవాడిగా నిలబెడుతోంది. చేతిపని అతనికి సంపదనిచ్చింది. పేరు మాత్రం దానం వల్ల రాతికెక్కింది.

సుమారు వెయ్యేళ్ల తర్వాత ఈ లెక్క మారింది. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) విశ్వేశ్వర శివాచార్యుని గోళకీమఠ అగ్రహారంలో కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, శిల్పి వంటి వృత్తులవారికి భూములు కేటాయించింది. త్రిపురాంతకం వంటి శైవక్షేత్రాలు కాకతీయుల ఆదరణతో వెలిగిన కాలమది. శిల్పికి కూడు, భూమి స్థిరపడ్డాయి. శాసనం గుర్తుపెట్టుకున్నది మాత్రం వృత్తిని; మనిషి వస్తాడు, పోతాడు, మాన్యం నిలుస్తుంది. ఈ భద్రతను చిన్నచూపు చూడకూడదు. కరువు నేలలో తరతరాలకు దక్కే మడిచెక్క ఏ సంతకానికీ తీసిపోదు.

ఫ్లోరెన్స్‌లోనూ మొదట మనిషికంటే వృత్తిసంఘమే పెద్దది. ఓర్సాన్మికేలే గోడ గూళ్లలో ఒక్కో సంఘం తన రక్షక సాధువు విగ్రహాన్ని నిలిపింది. రాతి, కలప పనివారి సంఘం కోసం నాన్ని ది బాంకో చెక్కిన నలుగురు సాధువుల కింద, పనిలో మునిగిన శిల్పులే ఫలకంగా కనబడతారు. 1452లో పూర్తయిన బాప్టిస్టరీ తలుపుల మీద గిబెర్టి తన ముఖాన్నే పోతపోశాడు. మైకెలాంజెలో పియేతా శిల్పంలో మేరీ ఛాతీ మీది పట్టీపై తన పేరు చెక్కాడు. 1563లో వసారీ చొరవతో, కోసిమో ద మెదీచీ అండతో కళాకారుల అకాడమీ ఏర్పడింది. 1571లో కళాకారులకు వృత్తిసంఘాల కట్టుబాటు తప్పింది. సంఘం బదులు ధనిక పోషకుడు ఎదురుగా నిలిచినప్పుడు, ఫలానా చేతి పని అన్న పేరుకే విలువ కట్టారు. మార్కాపురంలో అలాంటి బజారు లేదు. ఆలయానికి కావలసింది ఆగమానికి ఒదిగిన విగ్రహం. చేయి ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ ధర లేదు.

ఆ ధర మన శిల్పాలకు ఆలస్యంగా, అన్యాయంగా వచ్చింది. చందవరం నుంచి దొంగిలించిన బుద్ధారాధకుల ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ కొన్నది. అది ఇండియాలో ఉన్నప్పటి పాత ఫోటోలు సాక్ష్యంగా నిలిచి, 2016లో తిరిగి మన దేశానికి అందింది.

మార్కాపురం నేడు పలకల రాయికి ప్రసిద్ధి. పొరలుగా విడిపోయే ఆ రాయి బడిపిల్లల పలకలకు, నేలబండలకు తగినది, నిండు విగ్రహానికి కాదు. విగ్రహం కావాలంటే గిద్దలూరు నుంచి నల్లమల దాటి ఆళ్లగడ్డకో, మాచర్ల దగ్గరి దుర్గికో వెళ్లాలి. ఈ రెండు ఊళ్ల రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరును, అక్కడి పనివారందరి ఉమ్మడి హక్కును. పునరుజ్జీవన కళాకారుడి నమూనాకంటే ఇది మల్కాపురం పద్ధతికే దగ్గర. కాకపోతే ఈసారి కౌలుకో మాన్యానికో భూమి లేదు.