బొగ్గుబాయి నుంచి ఖిల్లాల దాకా: గోదావరిఖని చుట్టూ చూడాల్సిన చోట్లు

గోదావరిఖని, రామగుండం అనగానే బొగ్గు, బూడిద, ఎండలే గుర్తొస్తాయి. సెలవులొస్తే ఇక్కడి కుటుంబాలు హైదరాబాద్ బస్సెక్కుతాయి. కానీ ఫజర్ తర్వాత బయల్దేరితే మగ్రిబ్ కల్లా ఇల్లు చేరేంత దూరంలోనే రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో కొంత ఇప్పటికే నీళ్ళలో మునిగింది, కొంత ఏటికేడు కూలిపోతోంది. పిల్లలకు చూపించాలనుకుంటే ఆలస్యం చేయకపోవడమే మంచిది.

బొగ్గుబాయి

1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించారు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920 డిసెంబర్ 23న ఆ పేరుతో ఏర్పడింది. గోదావరిఖనిలో తవ్వకం 1960ల మొదట్లో ఊపందుకుంది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరికి తగ్గింది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఓసీపీలు పెరిగాయి. దాదా, నానా రోజూ దిగిన బాయి లోపల ఎట్లుంటదో తెలియని పిల్లలు ఇప్పుడు ప్రతి కాలనీలో ఉన్నారు.

2022 డిసెంబర్‌లో ఆర్టీసీ, సింగరేణి కలిసి 'సింగరేణి దర్శన్' యాత్ర మొదలుపెట్టాయి. భూగర్భ గని, ఓపెన్‌కాస్ట్, జైపూర్‌లోని 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఇందులో చూపిస్తారు. అనుమతి లేకుండా గనుల్లోకి ఎవరినీ పోనివ్వరు కాబట్టి, బస్సు ఎప్పుడుందో ముందే డిపోలో కనుక్కోవాలి. రిటైరైన పెద్దాయన ఇంట్లో ఉంటే వెంట తీసుకెళ్ళండి. ఆయన చెప్పే సంగతులు ఏ గైడూ చెప్పలేడు.

రామగిరి ఖిల్లా

సెంటినరీ కాలనీ దగ్గర, బేగంపేట ఊరి పక్కన కొండమీద ఉంటుంది. కాకతీయుల తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీల చేతులు మారింది. 1656లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఔరంగజేబుతో సంధి చేసుకుని, తన బిడ్డను ఔరంగజేబు కొడుకు మహమ్మద్ సుల్తాన్‌కిచ్చి నికాహ్ చేశాడు. ఆ పెళ్ళికి కట్నంగా ఇచ్చింది ఈ రామగిరి ప్రాంతాన్నే. కొండ మూలికలకు కూడా పేరున్నది. ఎక్కడం కష్టం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఆగడం మేలు.

ఎలగందుల, మొలంగూర్

కరీంనగర్‌కు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, మానేరు ఒడ్డున ఎలగందుల ఖిల్లా ఉంది. నిజాం కాలంలో మొదట జిల్లా కేంద్రం ఇదే. తర్వాత అది కరీంనగర్‌కు మారింది. ఇక్కడి కిలేదార్ సయ్యద్ కరీముల్లా షా పేరు మీదే కరీంనగర్‌కు ఆ పేరు వచ్చిందంటారు. జఫర్-ఉద్-దౌలా 1754లో కట్టించిన మసీదు మినార్లు ఊపితే ఊగుతాయని చెప్పుకుంటారు. నిజమో కాదో చూద్దామని ఊపొద్దు. కట్టడానికి రెండున్నర శతాబ్దాలు దాటింది.

మొలంగూర్ ఖిల్లా కరీంనగర్ నుంచి వరంగల్ పోయే దారిలో వస్తుంది. కొండ కింద 'దూద్ బావి' ఉంది. దాని నీళ్ళు పాలలా తెల్లగా ఉంటాయని, నిజాం నవాబుకు ఇక్కడి నుంచే తీసుకెళ్ళేవారని ప్రతీతి.

గోదావరి ఒడ్డు

రామగుండం దగ్గరి శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. వానాకాలం చివర్లో చూడ్డానికి బాగుంటుంది. దీని వెనుక నీళ్ళలోనే జగిత్యాల జిల్లా కోటిలింగాలలోని పాత దిబ్బలు కొంత మునిగాయి. తొలి శాతవాహన రాజుల నాణేలు దొరికిన చోటు అది. అదే కాలపు బౌద్ధ స్తూపం పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో ఉంది.

పెద్దపల్లి దగ్గరి సబ్బితం జలపాతం వానల్లోనే పారుతుంది. బండలు జారతాయి, పిల్లలను నీళ్ళలోకి దింపొద్దు. మంథని వైపు శివ్వారం అభయారణ్యంలో మొసళ్ళున్నాయి, నది అంచుకు పోవద్దు.

ఎప్పుడు, ఎలా?

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఒక రోజు గనులకు, ఒక రోజు రామగిరి, మంథని వైపు, ఇంకో రోజు ఎలగందుల, మొలంగూర్‌కు పెట్టుకుంటే హడావుడి ఉండదు. ఖిల్లాల మీద నీళ్ళు దొరకవు. తాగడానికీ, వజూకూ ఇంటి నుంచే తీసుకెళ్ళాలి. తిండి పొట్లాల కవర్లు కిందికి తెచ్చేయాలి. గోడల మీద పేర్లు చెక్కే అలవాటు పిల్లలకు అంటకుండా చూసుకోవాలి. గుప్తనిధుల పేరుతో ఎవరైనా తవ్వుతూ కనిపిస్తే పోలీసులకో, పురావస్తు శాఖకో చెప్పాలి.