ఆసుపత్రిలో ఈగ, బొద్దింక, బూజు



పుండుపై వ్రాలిన ఈగను తోలుట యెరుగని యిల్లాలు మన పల్లెలలో లేదు. పురుగు రోగమును మోయునని శాస్త్రజ్ఞులు ఋజువుచేయుటకు మాత్రము చాలకాలము పట్టినది. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్టగోడలో ఆ రోగబీజములను కనుగొనెను. (కుట్టించుకొన్నందులకు రోగికి దోమకొక అణా చొప్పున ముట్టినదట!) మరుసటి యేడు కరాచీలో సిమాండు అను ఫ్రెంచి వైద్యుడు, ఎలుకల మేనినంటియుండు చిన్న దూకుడు పురుగు మూలమున ప్లేగు వ్యాపించునని చూపెను.

ఇవి కుట్టెడి పురుగులు. ఈగ, బొద్దింకల తీరు వేరు. అవి బంట్రోతుల వంటివి. కాళ్ళకంటినదానిని మరియొకచోట దింపిపోవును. 1898లో స్పెయినుతో యుద్ధము వచ్చినప్పుడు అమెరికా సైనికులు స్వదేశపు శిబిరములలోనే టైఫాయిడు జ్వరమున పడిరి. 20,000 మందికి పైగా మంచమెక్కిరి. 1,500 మందికి పైగా మరణించిరి. వాల్టరు రీడు మొదలగు మువ్వురు వైద్యులు విచారణకు నియమింపబడిరి. మరుగుదొడ్ల గుంటలలో సున్నము చల్లియుండిరి. భోజనశాలలో అన్నముపై తిరుగు ఈగల కాళ్ళు తెల్లగా నుండెను! ఇంతకంటె సాక్ష్యమేల? అయినను వారు నేరమంతయు ఈగపై మోపలేదు. మనిషినుండి మనిషికి చేతులద్వారా, పక్కబట్టలద్వారా సోకుటయు పెద్ద కారణమని తేల్చిరి. ఆ వివేకముతో నేటి కథకు పనియున్నది.

మనుష్యుని శరీరములో పెరుగు బూజుజాతి జీవులకు మందులు దొరకుట ఆలస్యమైనది. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను అమెరికా వనితలిరువురు, ఒక పాడిరైతు భూమిలోని మట్టినుండి నిస్టాటిన్ అను మందును తీసి ప్రకటించిరి. తరువాత మరికొన్ని వచ్చినవి. అంతలో బూజు వానికి అలవాటుపడజొచ్చినది. ఇందు సేద్యమునకును పాలు కలదు. ఆసుపత్రి మందులకు దాయాదులైన మందులను పొలములలో చల్లుటచే, రోగి వాడని మందుకును లొంగని బూజు గాలిలో తిరుగుచున్నట్లు హాలెండు దేశమున కనుగొనిరి.

2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవినుండి తీసిన క్రొత్తజాతికి కాండిడా ఆరిస్ అని పేరిడిరి. ఆరిస్ అనగా లాటిను భాషలో చెవి. చెవిలో చిన్నదే, రక్తమున చేరినచో ప్రాణాంతకము. 2013 నాటికి ఢిల్లీ ఆసుపత్రులలోను కనబడినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అత్యంత ప్రమాదకరమైన తరగతిలో చేర్చినది.

పెక్కుదేశముల ఆసుపత్రులలో పట్టిన బొద్దింకల, ఈగల మేనినుండి కాండిడా జాతులను, ఇతరమైన బూజులను పెంచి చూచిరి. కొన్ని మందులకు లొంగలేదు. కాని మూట మోయుట వేరు, మూటను రోగి యింట దింపుట వేరు. కాండిడా ఆరిస్ విషయమున ముఖ్యమైన దారి చేయి, మంచము, పరికరము. మంచపు పట్టీపై అది వారములు బ్రదికియుండును. ఆసుపత్రులలో వాడుక గల కొన్ని శుద్ధిద్రవములకు చావదు. అందుచే రోగిని వేరుగదిలో నుంచి, మంచమును బల్లను క్లోరిను ద్రవముతో తుడిచెదరు. బొద్దింకలు వచ్చు తూముల నోళ్ళు మూయుదురు.