సునాముఖి నుంచి సూదిమందు దాకా

1998 నవంబరు 22న హైదరాబాద్ మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించారు. ఆ ఏడాది ఆగస్టులోనే, ఆకలిని చంపే ఫెన్‌ఫ్లూరమిన్‌ను కేంద్రం నిషేధించింది. గుండె కవాటాలు పాడవుతున్నాయని అమెరికాలో 1997లోనే దాన్ని ఆపేశారు. తర్వాత కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు కలిగిస్తోందని 2009లో రిమోనబాంట్, గుండెపోటు భయంతో 2011లో సిబుట్రమిన్ పోయాయి.

నిషేధాలకు అందనివి వేరే ఉన్నాయి, విరేచనాల మందులు. మన ఇళ్ళలో ఆముదం, సునాముఖి కడుపు శుభ్రానికి ఎప్పుడో ఒకసారి పుచ్చుకునేవారు. తిన్నందుకు శిక్షగా కాదు. ఆపుకోలేక అతిగా తిని, తిన్నదాన్ని ఎలాగైనా వదిలించుకోవాలనే యాతనను లండన్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో బులీమియా నెర్వోసా అన్నాడు. అది జబ్బు, మొండితనం కాదు.

విరేచనాల మాత్రతో బరువు తగ్గుతుందన్నది భ్రమ. అన్నంలోని శక్తిని చిన్న పేగు ముందే పీల్చేసుకుంటుంది. మాత్ర పనిచేసేది ముఖ్యంగా పెద్ద పేగు మీద. పోయేది నీరు, దాంతోపాటు పొటాషియం. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు కూడా. ఒంట్లో నీరు తీసే మాత్రలదీ అదే ప్రమాదం. మానేసిన కొత్తలో ఒంట్లో నీరు చేరి కాళ్ళు ఉబ్బుతాయి. అది కొవ్వేనని బెదిరి మళ్ళీ మాత్ర దగ్గరికే వెళతారు. నన్ను అన్నిటికంటే కలచివేసేది ఈ మలుపే. ఆ వాపు తాత్కాలికమని, వైద్యుల పర్యవేక్షణలో తగ్గిపోతుందని పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో కావాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఏఐజీ ఆసుపత్రి వైద్యులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనబడిందని 2025లో వెల్లడైంది. కూర్చుని చేసే పని, రాత్రి షిఫ్టులు, వేళ తప్పిన తిండి ఉన్నచోట బరువు గురించి దిగులు సహజమే. అదే ఏడాది మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే సూదిమందులు దేశంలోకి వచ్చాయి. ఊబకాయం, మధుమేహం ఉన్నవాళ్ళకు డాక్టరు చూసి ఇస్తే అవి మేలుచేసే మందులే. అన్నం చూస్తేనే భయపడే మనిషికి మాత్రం ఉన్న కాస్త ఆకలినీ తీసేస్తాయి. వాంతులతో ఒళ్ళు ఎండిపోవచ్చు, కండ కరిగిపోవచ్చు. ఆఫీసులో అందరూ “భలే సన్నబడ్డావే” అని మెచ్చుకుంటూ ఉంటారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆ మనిషి కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంటోందో ఎవరూ అడగరు.