పలుకులో లోపమా? ఊరి పలుకా?

జగిత్యాల జిల్లా మల్లాపూర్‌లో ఒక బాలుడు “నాయిన అచ్చిండు” అన్నాడనుకొందాము. అతని పాఠ్యపుస్తకములో “నాన్న వచ్చాడు” అని ఉన్నది. మొదటి వకారము పోయినది కనుక బాలుని వాక్కులో లోపమున్నదని చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ ప్రాంతములో పెద్దలు కూడ అట్లే పలుకుతారు. బడియీడు వచ్చిన తరువాత కూడ ఆ బాలుడే “కాకి”ని “తాతి” అంటే సంగతి వేరు. అట్లు పలికే పెద్దవారు ఆ ఊరిలో ఉండరు. ఈ రెండింటికి గల భేదమును తేల్చుటకు ధ్వనిశాస్త్రము కావలెను. ఆ శాస్త్రమునకు మన దేశములో చాల పాత చరిత్ర ఉన్నది.

వేదమును తప్పు లేకుండ పఠింపవలెనన్న పట్టుదల నుండి శిక్షలు, ప్రాతిశాఖ్యములు అనే గ్రంథములు పుట్టినవి. ధ్వనులు పుట్టే స్థానములు ఎనిమిది అని పాణినీయ శిక్ష లెక్కించినది: రొమ్ము, కంఠము, శిరస్సు, నాలుక మొదలు, దంతములు, ముక్కు, పెదవులు, అంగిలి. కంఠము మూసికొన్నప్పుడు నాదము, తెరచుకొన్నప్పుడు శ్వాస కలుగునని తైత్తిరీయ ప్రాతిశాఖ్యము చెప్పినది. ఈ గ్రంథమును అమెరికా పండితుడు విట్నీ 1871లో ఆంగ్లానువాదముతో ప్రకటించినాడు. ఐరోపాలో గార్షియా అనే సంగీతాచార్యుడు చిన్న అద్దము సాయముతో తన కంఠములోని నాదతంత్రులనే చూచి, 1855లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించినాడు. మన పూర్వులకు అద్దము లేదు. చెవి, నాలుకల మీది శ్రద్ధయే వారి పరికరము.

ఆ శ్రద్ధ ఫలమే మనము పలకపై దిద్దిన వర్ణమాల. కవర్గము నోటి వెనుక పుట్టును; చ, ట, త వర్గములు నోటి నడుమ పుట్టును; పవర్గము పెదవుల వద్ద పుట్టును. ప్రతి వరుసలో మొదట శ్వాసధ్వనులు, తరువాత నాదధ్వనులు, చివర అనునాసికము. “కంప”, “గంప” అన్న మాటలలో భేదమంతయు మొదటి ధ్వనిలోని నాదమే.

పాఠకులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. కంఠముపై వ్రేలుంచి “స్‌స్‌స్” అనండి, కదలిక ఉండదు. “మ్‌మ్‌మ్” అనండి, వ్రేలికి అదురు తెలియును. ఇప్పుడు ముక్కు మూయండి. శబ్దము వెంటనే ఆగిపోవును. మకారమునకు గాలి ముక్కు దారిన పోవుటయే కారణము. గ్రహణమొర్రితో అంగిలి చీలిన పిల్లలలో ఇతర ధ్వనులకు కూడ గాలి ముక్కులోనికి జారును. అందుచేత వారి బకారము మకారమువలె వినిపించవచ్చును.

ఇక “తాతి” అన్న బాలుని చూతము. అతడు “గాలి”ని “దాలి” అని కూడ అన్నచో, తప్పులు రెండు కావు, ఒకటే. నాదము సరిగానే ఉన్నది; నాలుక వెనుక భాగము లేవవలసినచోట కొన లేచుచున్నది. చికిత్స ఆ ఒక్కచోట మొదలు కావలెను. పరీక్షించువారు ధ్వని లోపించినదా, మారినదా, వికృతమైనదా, అదనముగా చేరినదా అని పదము మొదట, నడుమ, చివర వేరువేరుగా గుర్తింతురు. దీనికి అక్షరము చాలదు. “చెట్టు”, “చాప” అన్నచోట్ల లిపి ఒకటే, ధ్వనులు రెండు. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు ఉండవలెనని 1886లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘము ఒక లిపిని కల్పించినది.

మన దేశములో ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు భాషాశాస్త్ర శాఖను నెలకొల్పినారు. 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడినది.

పలుకు కాలముతో మారునని కూడ మరువరాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోనే కురిక్యాల వద్ద బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమునాటి జినవల్లభుని శాసనములో తెలుగు కందపద్యములున్నవి. ఆనాటి తెలుగులో ర, ఱ వేరు ధ్వనులు. నేడు మనమందరము రెండింటిని ఒకటిగానే పలుకుచున్నాము. “భూమి”ని “బూమి” అనువారును ఎందరో. వీరెవ్వరును రోగులు కారు.

పొరపాటు రెండు విధముల జరుగవచ్చును. ఊరి పలుకును లోపమన్నచో పిల్లవాడు సిగ్గుపడి నోరు విప్పడు. నిజమైన లోపమును “ఊరి పలుకే, పెద్దయితే పోవును” అని విడిచినచో అమూల్యమైన సంవత్సరములు పోవును. దాని వెనుక వినికిడి లోపము దాగియుండవచ్చును. కాబట్టి ముందు చెవిని పరీక్షింపవలెను. తరువాత ఇంటివారి మాట వినవలెను. పిల్లవాని పలుకునకు కొలబద్ద పుస్తకము కాదు, వాని తల్లి పలుకు.