బ్యూఫోర్ట్ తీరంలో వేటగాళ్ల ఒడంబడిక

ధ్రువపు ఎలుగుబంటి రక్షణ చరిత్రను 1973లో ఓస్లోలో కెనడా, డెన్మార్క్, నార్వే, సోవియట్ యూనియన్, అమెరికా చేసుకున్న ఒప్పందంతో మొదలుపెట్టి, ఘనతంతా ఆ ప్రభుత్వాలకే కట్టబెట్టడం రివాజుగా వస్తోంది. విమానాల మీద తిరిగి సాగించే వేటను నిషేధించిన ఆ ఒప్పందం విలువ తక్కువేమీ కాదు. అయితే సముద్రపు మంచు మీద సీళ్లను తిని బతకడం వల్ల సముద్ర క్షీరదాల లెక్కలోకి వచ్చే ఈ జంతువును ఏ తీరంవారు ఏటా ఎన్నిటిని వేటాడవచ్చునో అది తేల్చలేదు.

ఈ లోటు కెనడా, అలాస్కా తీరాలు పంచుకునే దక్షిణ బ్యూఫోర్ట్ సముద్రంలో బాగా తెలిసివచ్చింది. కెనడా వైపు కోటాలు, అంటే ఏటికింతని వేట పరిమితులు, ఉండగా, అమెరికా 1972లో తెచ్చిన సముద్ర క్షీరద రక్షణ చట్టం అలాస్కా ఆదివాసుల జీవనాధార వేటను మినహాయించి, జంతువుల సంఖ్య క్షీణించిందని ప్రకటిస్తే తప్ప ఆ వేటకు హద్దు పెట్టే వీలు లేకుండా చేసింది. పిల్లలతో ఉన్న తల్లిని చంపినా అది చట్టవిరుద్ధం కాదు. ఎలుగులు మాత్రం సరిహద్దుకు రెండు వైపులా తిరిగే ఒకే సముదాయం కనుక, ఒక దేశం పాటించిన నిగ్రహం రెండో దేశంలో వృథా అయ్యేది. ఈ చిక్కు విప్పినది రాజధానులు కాదు. 1988 జనవరిలో కెనడా వైపు ఆదివాసులైన ఇనువియలూయిట్ల గేమ్ కౌన్సిల్, అలాస్కాలోని నార్త్ స్లోప్ బరోకు చెందిన ఇనుపియట్ వేటగాళ్ల ప్రతినిధులు కలిసి, గుహల్లో ఉన్న ఎలుగులను, పిల్లల తల్లులను ముట్టరాదనీ, ఏటి వేటను కోటాగా పంచుకోవాలనీ, శాస్త్రజ్ఞుల సలహా తీసుకోవాలనీ ఒడంబడిక రాసుకున్నారు.

దీనికి రెండు తీరాల మధ్య బంధుత్వమే కారణమని చెప్పడం తేలిక కాని, ఆ వివరణ చాలదు. బంధుత్వం తరతరాలుగా ఉన్నదే. కొత్తగా వచ్చినవి వ్యవస్థలు. 1972లో ఏర్పడిన నార్త్ స్లోప్ బరో ఇనుపియట్లకు స్థానిక పాలనను, 1984 నాటి భూహక్కుల ఒప్పందం ఇనువియలూయిట్లకు వన్యప్రాణి నిర్వహణలో భాగాన్ని ఇచ్చాకే సంతకం పెట్టగల అధికారం ఇరువైపులా సమకూరింది. అలాస్కా వైపు ఉల్లంఘనకు చట్టపరమైన శిక్ష లేకపోవడం నిజమైన బలహీనతే అయినా, వేట మొత్తం మీద హద్దు దాటలేదన్నది తోసిపుచ్చలేని వాస్తవం.

నేటి స్థితి అంత ఊరటనివ్వదు. 1980లలో సుమారు 1,800గా లెక్కించిన సముదాయం 2010 నాటికి 900కు చేరిందని అంచనా. అదే ఏడాది కోటాను 80 నుంచి 70కి తగ్గించారు. 2008లో అమెరికా ఈ జంతువును ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించడానికి చూపిన ప్రధాన కారణం కరుగుతున్న సముద్రపు మంచే తప్ప ఆదివాసుల వేట కాదు. అయినా కోత మాత్రం, ఆ మంచు కరగడంలో అతి తక్కువ పాత్ర ఉన్నవారి వాటాలోనే పడుతోంది.