కుడిచేయి ముందు కాలాలి: ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్

ఒక మనిషి జీవితాన్ని అతని చివరి గంటను బట్టి తూచవచ్చునా? లేక అంతకు ముందరి అరవై యేళ్ళను కూడా తక్కెడలో వేయాలా? ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు స్ఫురించే పేరు థామస్ క్రాన్మర్. ఆంగ్లదేశపు క్రైస్తవసంఘం రోమాపోపు ఆధిపత్యం నుండి విడివడిన కాలంలో కేంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా ఉన్నవాడాయన. పండితుడు, భీరువు, రాజభక్తుడు, భాషాశిల్పి. ఈ నాలుగు గుణాలూ ఒకే మనిషిలో ఇమిడినందువల్లనే ఆయన కథ అంత బాధాకరమైంది.

క్రాన్మర్ 1489 జూలై 2న నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఆస్లాక్టన్ గ్రామంలో జన్మించాడు. కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చదివి అక్కడే అధ్యాపక పదవి పొందాడు. జోన్ అనే యువతిని వివాహమాడినందుకు ఆ పదవి పోయింది. ఆమె ప్రసవసమయంలో మరణించగా కళాశాలవారు ఆయనను మళ్ళీ చేర్చుకొన్నారు. తరువాత గురుపట్టం పుచ్చుకొన్నాడు. నలభై యేళ్ళ వయస్సు వచ్చేవరకు ఆయన లోకమంతా పుస్తకాలే.

ఎనిమిదవ హెన్రీ రాజు తన భార్య కేథరిన్‌తో వివాహం రద్దు కావాలని కోరుతున్న రోజులవి. ఆమె అతని అన్న ఆర్థర్‌కు విధవ. అన్న భార్యను పెళ్ళాడడం శాస్త్రవిరుద్ధమని రాజు వాదం. కాని ఆమె మేనల్లుడు అయిదవ చార్లెస్ చక్రవర్తి. అతని సేనలు 1527లో రోమునే కొల్లగొట్టాయి. పోపు ఏడవ క్లెమెంట్ ఆ చక్రవర్తిని కాదని తీర్పు చెప్పగలడా? 1529లో కేంబ్రిడ్జిలో అంటువ్యాధి ప్రబలగా క్రాన్మర్ వాల్తమ్‌లో తలదాచుకొన్నాడు. అక్కడ రాజోద్యోగులు ఇద్దరు తటస్థపడ్డారు. రోమా న్యాయస్థానాన్ని నమ్ముకొని కూర్చోవడం కంటె ఐరోపా విశ్వవిద్యాలయాల వేదాంతుల అభిప్రాయం సేకరించడం మేలని ఆయన వారితో అన్నాడు. ఆ మాట రాజు చెవిన పడింది. పండితుని జీవితం అక్కడితో మలుపు తిరిగింది.

1532లో చక్రవర్తి వద్దకు రాయబారిగా వెళ్ళిన క్రాన్మర్, న్యూరెంబర్గు నగరంలో సంస్కర్త ఓసియాండర్ బంధువైన మార్గరెట్‌ను రహస్యంగా వివాహమాడాడు. గురువులకు వివాహం నిషిద్ధమైన కాలం! ఆ యేడే కేంటర్‌బరీ ఆర్చిబిషప్పు వార్హమ్ మరణించగా రాజు ఆ పీఠానికి ఈయన పేరే సూచించాడు. 1533 మార్చి 30న అభిషేకం జరిగింది. పోపుకు విధేయత ప్రమాణం చేస్తూనే, అది రాజుకు తన విధిని అడ్డుకోదని ముందుగానే ప్రకటించుకొన్నాడు. రెండు నెలలైనా గడవకముందే, మే 23న డన్‌స్టబుల్‌లో కేథరిన్ వివాహం చెల్లదని తీర్పిచ్చాడు. జూన్ 1న ఆన్ బొలీన్ శిరస్సుపై కిరీటం ఉంచాడు. 1536లో ఆమెపై రాజు ఆగ్రహించినప్పుడు ఆమెను గురించి తన సదభిప్రాయాన్ని వినయంగా రాజుకు వ్రాశాడు. అయినా కొద్దిరోజులకే ఆమె వివాహం కూడా చెల్లదని తానే తీర్పు చెప్పాడు. మనస్సు ఒకవైపు, సంతకం మరొకవైపు. ఇదే ఆయన జీవితసూత్రమైపోయింది. 1539లో ఆరు సూత్రాల చట్టం గురువుల వివాహాన్ని ఖండించగా భార్యను జర్మనీకి పంపివేశాడు.

1547 జనవరిలో హెన్రీ మరణశయ్యపై మాట పడిపోయి ఉండగా క్రాన్మర్ అతని చేయి పట్టుకొన్నాడు. క్రీస్తునందు నమ్మకానికి గుర్తు చూపుమంటే రాజు ఆ చేతిని నొక్కాడట. బాలరాజు ఆరవ ఎడ్వర్డు కాలంలోనే ఆయన అసలు ప్రతిభ వెలికివచ్చింది. 1549లో వెలువడిన సామాన్య ప్రార్థనల గ్రంథం ఆయన కీర్తిస్తంభం. లాటిన్‌లోని పూజావిధానాన్ని ఆయన జనభాషలోకి తెచ్చాడు. కేవలం అనువదించలేదు, పాతవాటిని కుదించి, కలిపి, చెవికి ఇంపుగా మలిచాడు. లాటిన్ వంశపు మాట పక్కనే అచ్చమైన ఇంగ్లీషు మాట పెట్టి జంటగా నడిపించడం ఆయనకు ఇష్టమైన పద్ధతి. మన కవులు తత్సమం పక్కన తద్భవాన్ని కూర్చినట్లు! చదువుకొన్నవానికి ఒకటి, పామరునికి ఒకటి. చదవడంకోసం కాక వినడంకోసం వ్రాసిన వచనమది. తరువాతి శతాబ్దాల ఇంగ్లీషువారు పెళ్ళిళ్ళలో, ఉత్తరక్రియలలో విన్న మాటలు చాలవరకు ఆయన కలం నుండి వచ్చినవే.

ఇందులో ఒక విపర్యాసం ఉంది. ఆ యేడే డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల ప్రజలు ఈ గ్రంథంపై తిరుగుబాటు చేశారు. తమలో కొందరికి ఇంగ్లీషే రాదని కార్న్‌వాల్ వారి ఫిర్యాదు. ఆ తిరుగుబాటును సేనలు రక్తపాతంతో అణచివేశాయి. జనభాష అన్నప్పుడు ఏ జనం భాష అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

1553 జూలై 6న ఎడ్వర్డు మరణించాడు. ఆ బాలరాజు ఒత్తిడికి లొంగి, లేడీ జేన్ గ్రేను వారసురాలిగా ఒప్పుకొనే పత్రంపై క్రాన్మర్ అయిష్టంగానే సంతకం చేసి ఉన్నాడు. కేథరిన్ కుమార్తె మేరీ సింహాసనమెక్కింది. తన తల్లి వివాహాన్ని చెల్లదన్న మనిషిని ఆమె మరువగలదా? రాజద్రోహ నేరం రుజువైంది. 1554లో ఆక్స్‌ఫర్డు చెరసాలకు తరలించారు. 1555 అక్టోబరు 16న మిత్రులు లాటిమర్, రిడ్లీల సజీవదహనాన్ని చూడవలసి వచ్చింది. ఏకాంతం, వార్ధక్యం, భయం, వాదనలు క్రుంగదీయగా, తన విశ్వాసాన్ని నిరాకరిస్తూ ఒకటి కాదు, ఆరు పత్రాలపై సంతకం చేశాడు.

పశ్చాత్తాపపడినవానిని విడిచిపెట్టడం అప్పటి ఆనవాయితీ. మేరీ విడిచిపెట్టలేదు. 1556 మార్చి 21న, వాన కురుస్తున్న ఉదయాన, ఆయనను సెయింట్ మేరీ దేవాలయానికి తెచ్చి, అందరియెదుట తన నిరాకరణను మరొకసారి చదవమన్నారు. ఆయన మొదలుపెట్టిన ప్రసంగం మధ్యలో దారి మార్చుకొంది. ప్రాణభీతితో వ్రాసిన ఆ పత్రాలన్నీ అబద్ధమన్నాడు. హృదయానికి విరుద్ధంగా వ్రాసిన కుడిచేయి ముందుగా కాలాలన్నాడు. కేకల నడుమ లాగివేశారు. మంటలు లేచినప్పుడు ఆ చేతిని చాచి నిప్పులో పెట్టి అలాగే ఉంచాడు. అప్పటికాయన వయస్సు 66.

ఈ దృశ్యం చూసి ఆయనను పునీతుణ్ణి చేసివేయడం సులభం. కాని 1538లో జాన్ లాంబర్టు విచారణలో ఆయన కూడా వాదించాడు. ఆ లాంబర్టును తగులబెట్టారు. ఆనాడు ఆయన ఖండించిన అభిప్రాయానికి దగ్గరగా తరువాత తానే చేరుకొన్నాడు. 1550లో జోన్ బోచర్ అనే స్త్రీ దహనమైనప్పుడు ఆర్చిబిషప్పు ఆయనే. చివరిగంట ఈ లెక్కలను చెరిపివేయదు. అయితే ఆ లెక్కలు చివరిగంటను కూడా చెరిపివేయలేవు. పుట్టుధీరుడు మంటలో నిలవడం ఒక యెత్తు. జన్మంతా జంకినవాడు నిలవడం మరొక యెత్తు. ఆ చేయి హెన్రీకోసం తీర్పులు వ్రాసింది, ప్రార్థనలు వ్రాసింది, అబద్ధాలు వ్రాసింది. దేనికి శిక్ష వేయాలో చివరకు ఆయనే నిర్ణయించుకొన్నాడు.

ఆయన గ్రంథం 1559లో ఎలిజబెత్ రాణి కాలంలో తిరిగి వచ్చి, 1662లో స్థిరరూపం పొందింది. అనంతరకాలంలో మిషనరీల వెంట మన తీరానికి వచ్చి, తెలుగు మాటలు కూడా తొడుక్కొంది. గ్రాంథిక వ్యావహారికాల తగవు ఎరిగిన మనకు, జనం చెవికోసం వ్రాసినవాని శ్రమ విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇక తక్కెడ సంగతి అంటారా, మిత్రులారా, ఏ పళ్ళెంలో ఏది వేస్తారో మీరే చెప్పండి.